వంద లీటర్ల సముద్రం: తిరుపతి ఎండలో రీఫ్ తొట్టె నిలబడాలంటే

మా వీధి కుర్రాడి దగ్గర రెండున్నర అడుగుల ఉప్పునీటి తొట్టె ఉంది. నికరంగా 100 లీటర్ల నీళ్లు. రెండు క్లౌన్‌ఫిష్‌లు, మూడు నీలం డామ్సెల్‌లు, అడుగున గవ్వల నుగ్గు, మూలన గులాబి రంగు ప్లాస్టిక్ పగడం. రెండేళ్లుగా ఏ గొడవా లేకుండా నడుస్తోంది. మొన్న సాయంత్రం ఇంటికొచ్చి, "అన్నా, ఆ ప్లాస్టిక్‌ది తీసేసి నిజం పగడాలు పెడదామనుకుంటా ఉండా. ఎంతవుతుంది?" అన్నాడు.

ఖర్చు సంగతి పక్కన పెట్టి ఒకటే అడిగాను. "చేపలకు ఎప్పుడైనా తెల్లమచ్చలు వచ్చినాయా? వస్తే ఏం మందేసినావు?"

వెళ్లి ఒక చిన్న సీసా తెచ్చాడు. లోపల నీలం ద్రావణం. కాపర్ సల్ఫేట్. మన మామిడి, ద్రాక్ష రైతులు సున్నంతో కలిపి బోర్డో మిశ్రమం చేసుకునే మైలుతుత్తమే.

తెల్లమచ్చల జబ్బు తెచ్చే పరాన్నజీవిని చంపడానికి రాగి బాగా పనిచేస్తుంది. తగిన మోతాదులో ఉంటే చేప తట్టుకుంటుంది. వెన్నెముక లేని ప్రాణులు మాత్రం తట్టుకోలేవు. రొయ్య, నత్త, పీత, పగడం, ఏదైనా సరే, చేపకు మందైన మోతాదు వాటికి విషం. నత్తల్ని చంపే మందుల్లో రాగి వాడేది అందుకే. పైగా ఈ రాగి నీటితో పాటు పోదు. గవ్వల నుగ్గు, సున్నపురాయి లాంటి వాటికి పట్టుకుని కూర్చుంటుంది. ఇవాళ కిట్‌తో పరీక్షిస్తే సున్నా చూపిస్తుంది, ఆర్నెల్ల తర్వాత నీటి ఆమ్లత్వం కాస్త మారగానే మెల్లగా వదలడం మొదలుపెడుతుంది. అందుకే మందు పడిన తొట్టెలో ఇసుక, రాళ్లు రెండూ బయట పారేయాల్సిందే. కడిగితే పోతుందనుకుని వాటినే మళ్లీ పేర్చినవాళ్లు తర్వాత కొన్న ప్రతి నత్తకూ అంత్యక్రియలు చేసుకుంటూ కూర్చుంటారు. గాజుకు భయం లేదు. బాగా కడిగి, రెండుమూడుసార్లు నీళ్లు నింపి పారబోసి, రాగిని పీల్చే రెజిన్‌నో యాక్టివేటెడ్ కార్బన్‌నో కొన్ని వారాలు ఫిల్టర్‌లో ఉంచితే చాలు.

ఇంతకీ అదే నీటిలో చేప బతికి పగడం ఎందుకు చస్తుంది? సముద్రపు చేప శరీరం ఒక చిన్న కార్ఖానా. ఉప్పునీళ్లు తాగుతుంది, అదనపు ఉప్పును మొప్పల గుండా బయటికి నెట్టేస్తుంది. బయట ఉప్పు పెరిగినా తగ్గినా లోపల లెక్క సర్దుకుంటుంది. పగడానికి ఆ ఏర్పాటు లేదు. దాని ఒంట్లో ఉప్పుదనం, బయట నీటి ఉప్పుదనం ఒకటే. నీరు ఎలా ఉంటే అదీ అలాగే. చేపల తొట్టెలో మనం చేపల్ని పెంచుతాం, నీళ్లు ఓ మాదిరిగా ఉన్నా గడిచిపోతుంది. రీఫ్ తొట్టెలో, అంటే పగడాల తొట్టెలో, పెంచాల్సింది నీటిని. ఆ కుర్రాడికి ఈ ముక్క ఎక్కించడానికి నాకు మూడు టీలు పట్టాయి.

పగడం అనగానే మనకు గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల అంగళ్లలో దండలుగా వేలాడే ఎర్ర పూసలు గుర్తొస్తాయి. కుజదోషానికి ఉంగరంలో పెట్టుకునే రాయి. అసలైన ఎర్ర పగడం ఎక్కువగా మధ్యధరా సముద్రంలో, వెలుగు తక్కువగా పడే లోతుల్లో పెరుగుతుంది, దిబ్బలు కట్టదు. దిబ్బలు కట్టే పగడం వేరే రకం. అదీ జంతువే, కానీ దాని కణజాలంలో సూక్ష్మమైన శైవలాలు కాపురం ఉంటాయి. అవి వెలుతురుతో ఆహారం వండి, పగడానికి కావాల్సిన శక్తిలో 90 శాతం దాకా ఇస్తాయి. మంచి లైటు అవసరం ఇందువల్లే. పగడం కదలలేదు కాబట్టి తిండి తేవడం, మలినం తీసుకెళ్లడం నీటి ప్రవాహం పనే, అందుకని నీటిని కదిపే వేవ్‌మేకర్. ఒంటి కింద సున్నపు గూడు కట్టుకుంటుంది కాబట్టి నీటిలో కాల్షియం, కార్బనేట్ ఉండాలి. దుకాణంవాడు అంటగట్టే సామాను జాబితా మొత్తం ఈ మూడు కారణాల్లోంచే పుడుతుంది. ఫలానా పరికరం ఎందుకని అడిగితే ఈ మూడింట్లో ఏదో ఒకటి జవాబుగా రాకపోతే, కొనకండి.

ఇక చట్టం. మన దేశంలో ఈ అభిరుచి గురించి విదేశీ వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లకు ఇది అసలు తెలియదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూల్‌లో 2001లో పగడాలను చేర్చారు. దిబ్బలు కట్టే రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, ఆర్గన్ పైప్ పగడం, ఫైర్ కోరల్, సముద్రపు విసనకర్రలు. ఆ షెడ్యూల్ అంటే పులి, ఏనుగు ఉన్న పట్టికే. నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు. దుకాణాల్లో హామర్, టార్చ్, బ్రెయిన్ అని ముద్దుగా పిలిచేవన్నీ రాతి పగడాలే. చచ్చిపోయి తెల్లగా ఎండిన పగడపు ముక్క కూడా పగడమే. లైవ్ రాక్ పేరుతో అమ్మే రాళ్లలో చాలావరకు పాత పగడపు ముక్కలే. ఇసుక శుభ్రం చేస్తుందని అమ్మే సముద్ర దోసకాయ, నీటి గుర్రం కూడా 2001లో మొదటి షెడ్యూల్‌కెక్కిన ప్రాణులే. "ఇది ఇంపోర్టెడ్ సార్, ఏం కాదు" అనే మాట అమ్మేవాడి నోట్లోంచి వచ్చిందే తప్ప చట్టంలోంచి రాలేదు.

మరి మనకు మిగిలేదేమిటి? జొయాంథిడ్‌లు, పుట్టగొడుగు పగడాలు, లెదర్ లాంటి మెత్తటి రకాలు. 2001 చేర్పుల్లో వీటి పేర్లు లేవు. 2022లో చట్టాన్ని సవరించి షెడ్యూళ్లు మార్చారు కాబట్టి కొనేముందు ప్రస్తుత పట్టికతో పేరు సరిచూసుకోవాలి, వాటి కింద అతికించిన రాయి ఏమిటో కూడా అడగాలి. మొదటిసారి మార్చేవాళ్లకు ఇది నష్టమేమీ కాదు. మెత్తటి రకాలు ఓర్పుగలవి, గట్టి గూడు కట్టవు కాబట్టి కాల్షియం గోల తక్కువ. నన్నడిగితే చట్టం లేకపోయినా కొత్తవాళ్లను వీటితోనే మొదలుపెట్టమంటాను.

రాయి విషయంలోనూ చిక్కు తీరినట్టే. కృత్రిమంగా చేసిన సిరామిక్ రాళ్లు దొరుకుతాయి. కావాల్సిందల్లా లోపల సన్నటి రంధ్రాలు. చేప వదిలే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ రంధ్రాల్లో స్థిరపడుతుంది. "కడప బండ కూడా సున్నపురాయే కదన్నా, మన మేడ మీద ముక్కలు పడుండాయి" అన్నాడు మావాడు. సున్నపురాయే, కానీ గట్టిగా, సందు లేకుండా ఉంటుంది. పైపైన తప్ప లోపల బ్యాక్టీరియాకు చోటు లేదు. అన్నట్టు, ఇదే కడప ప్రాంతపు వేంపల్లె రాళ్లలో స్ట్రోమటోలైట్లు కనిపిస్తాయి. అవి ఒకప్పటి లోతు తక్కువ సముద్రంలో సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన దిబ్బలు, భూమ్మీద పగడం అనే జీవి పుట్టకముందువి. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కనిపించే శిలలు కూడా సుమారు 160 కోట్ల ఏళ్ల కిందట పేరుకున్న ఇసుకే. ఇక్కడ సముద్రం కొత్త కాదు, చాలాకాలంగా సెలవులో ఉంది.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక మన తిరుపతి జిల్లాకు తీరం కూడా వచ్చింది కదా, సూళ్లూరుపేట అవతలికి బండి కట్టుకెళ్లి క్యాన్లలో సముద్రపు నీళ్లు తెస్తే ఉప్పు డబ్బులు మిగలవా అని చాలామంది అడుగుతారు. పులికాట్ నీళ్లు ఎలాగూ పనికిరావు, అవి ఉప్పు, మంచినీరు కలిసినవి. ఒడ్డు నీళ్లు కూడా రీఫ్‌కు తగవు. బంగాళాఖాతంలోకి గోదావరి, కృష్ణ మొదలుకొని మన స్వర్ణముఖి దాకా నదులన్నీ మంచినీటిని, బురదను మోసుకొచ్చి పోస్తాయి. వానాకాలం తర్వాత తీరం దగ్గర ఉప్పుదనం పడిపోతుంది. ఆంధ్ర తీరంలో చెప్పుకోదగ్గ పగడపు దిబ్బలు లేకపోవడానికి కారణం కూడా ఇదే. దేశంలో అవి ఉన్నది మన్నార్, కచ్ సింధుశాఖల్లో, పాక్ జలసంధి దగ్గర, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల్లో. మన తీరం నీళ్లు పగడాలకు నచ్చలేదని సముద్రమే చెబుతుంటే వాటినే క్యాన్లలో పట్టుకురావడం దేనికి?

కాబట్టి ప్యాకెట్ ఉప్పే గతి. వంటింటి ఉప్పు కాదు, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం వగైరా సముద్రపు పాళ్లలో కలిపిన అక్వేరియం లవణం. లక్ష్యం లీటరుకు 35 గ్రాముల ఉప్పుదనం, సాంద్రతలో చెబితే సుమారు 1.025. దీన్ని చేపల తొట్టెలో వాడే ప్లాస్టిక్ ముల్లుతో కొలవకండి. రిఫ్రాక్టోమీటర్ కొనండి, దాన్నీ సరిగ్గా 35 ఉప్పుదనం ఉన్న ప్రామాణిక ద్రావణంతో సరిచూసుకోండి.

ఆ ఉప్పును ఏ నీళ్లలో కలపాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. తాగునీటి ప్రమాణాల ప్రకారం లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేట్ దాకా ఉండవచ్చు. రీఫ్ తొట్టెలో మనం కోరుకునేది 10 లోపు. అంటే నిక్షేపంగా తాగదగ్గ నీళ్లు కూడా పగడాలకు పనికిరాకపోవచ్చు. మా బోరు నీళ్ల టిడిఎస్, అంటే కరిగి ఉన్న లవణాల లెక్క, 900 చూపిస్తుంది. ఇంట్లో ఆర్వో మిషన్ దాన్ని 50, 60కి దించుతుంది, మళ్లీ రుచి కోసం కాస్త పచ్చినీటిని తనే కలుపుతుంది. ఆ కలిపే గొట్టం దాటకముందే నీళ్లు పట్టి, మిగిలిన లవణాలను పట్టేసే డీఅయనైజేషన్ రెజిన్ గుండా పంపి సున్నాకు తేవాలి. వీధిలో అమ్మే 20 లీటర్ల క్యాన్ల మీద భరోసా పెట్టుకోవద్దు, ఒక్కో రోజు ఒక్కో లెక్క. ఇన్వర్టర్‌కు పోసే బ్యాటరీ వాటర్ వాడేవాళ్లూ ఉన్నారు. టిడిఎస్ మీటర్ ముంచి చూడకుండా దాన్నీ నమ్మను.

ఇక మన ఊరి అసలు సమస్య, వేడి. పగడాలకు హాయి 24 నుంచి 27 డిగ్రీలు. 30 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. లోపలి శైవలాలు విషమై కూర్చుంటే పగడం వాటిని బయటికి తోసేసి తెల్లబడిపోతుంది. 1998లో సముద్రం వేడెక్కినప్పుడు లక్షద్వీప్‌లో, అండమాన్‌లో జరిగింది అదే. మామూలు వేసవి గరిష్ఠం కన్నా 1, 2 డిగ్రీలు పెరిగి కొన్ని వారాలు నిలిస్తే చాలు, మహాసముద్రంలోనే పగడం పాలిపోతుంది. రోహిణి కార్తెలో తిరుపతి బయట 40 దాటుతుంది, మేడ కింద గది 36లో ఉడుకుతుంది. 100 లీటర్ల తొట్టె ఆ గదితో పాటే ఉడుకుతుంది.

చవకైన ఉపాయం నీటి మీదికి గాలి కొట్టే చిన్న ఫ్యాను. పనిచేసే సూత్రం మట్టికూజాదే, కొంత నీరు ఆవిరవుతూ మిగతా నీటి వేడిని లాక్కుపోతుంది. ఒక్క లీటరు ఆవిరైతే 100 లీటర్ల నీటిని సుమారు 6 డిగ్రీలు చల్లబరచగలిగినంత వేడి పోతుంది. గది మళ్లీ వేడిని తిరిగి ఇస్తూనే ఉంటుంది కాబట్టి మనకు దక్కేది 2, 3 డిగ్రీలే. ఇందులో రాయలసీమ అదృష్టం ఒకటుంది. మన వేసవి గాలి పొడిగా ఉంటుంది, ఫ్యాను బాగా పనిచేస్తుంది. చెన్నైలో, నెల్లూరులో చెమట పట్టే గాలిలో అదే ఫ్యాను సగం పని కూడా చేయదు. అక్కడి మిత్రుల సలహాలు ఇక్కడ, ఇక్కడివి అక్కడ నప్పకపోవడానికి ఇదొక కారణం. అయినా 36 డిగ్రీల గదిలో ఫ్యాను తొట్టెను 33కి తెస్తుంది, అది చాలదు. మే నెలకు ఏసీ గదో, నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రమో తప్పదు. చిల్లర్ నీటిలోంచి తీసిన వేడిని గదిలోకే వదులుతుంది, కిటికీ లేని గదిలో పెడితే తన తోక తానే కొరుక్కున్నట్టు. ఏసీ గదిని రోజంతా మూసి ఉంచితే మన ఊపిరి నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని నీటి పీహెచ్ దిగుతుంది, రోజుకోసారి తలుపు తీయండి.

ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టెలోనే ఉండిపోతుంది. 100 లీటర్లలో 35 చొప్పున 3,500 గ్రాముల ఉప్పు ఉందనుకోండి. రోజుకు 2 లీటర్లు ఆవిరైతే మొదటి రోజుకు 35.7. పెళ్లికని నాలుగు రోజులు ఊరెళ్లి వస్తే మిగిలేది 92 లీటర్లు, ఉప్పుదనం 38. చేపలు మనల్ని చూసి తోకలాడిస్తాయి, పగడాలు ముడుచుకుని ఉంటాయి. తగ్గింది కదా అని ఉప్పునీళ్లు పోస్తే ఇంకా పెరుగుతుంది. కొత్తవాళ్లు నూటికి తొంభైమంది చేసే పొరపాటిది. పోయాల్సింది ఉప్పు లేని శుద్ధనీరు, అదీ రోజూ కొంచెం కొంచెంగా. నీటిమట్టం చూసి తనే పోసే ఆటో టాప్ అప్‌ను నేను లైటు కన్నా ముందు కొనమంటాను. 1,000 లీటర్ల తొట్టెలో ఇదే 8 లీటర్లు పోతే తేడా కూడా తెలియదు. చిన్న తొట్టె సులువనుకోవడం పెద్ద భ్రమ.

రాగి పడని తొట్టెలైతే ఉన్నదాన్నే మార్చుకోవచ్చు, కానీ అక్కడ అడ్డొచ్చేది పాత నైట్రేట్. చేపల తొట్టెలో 60 ఉన్నా గడిచిపోతుంది. వారానికి పాతిక లీటర్లు మారిస్తే 60 కాస్తా 45, తర్వాత 34, 25, 19, 14, 11, 8. అంటే మధ్యలో వేసే మేత లెక్కలోకి తీసుకోకుండానే 10 లోపుకు రావడానికి ఏడు వారాలు. ఒకేరోజు అంతా మార్చేస్తే వేగంగా అయిపోతుంది కానీ చేపలూ బ్యాక్టీరియా కూడా కుదేలవుతాయి. అడుగు ఇసుక కింద పెట్టే పాత ప్లేటు ఫిల్టర్, ఏళ్లుగా ఉతకని స్పాంజి, ఇవి రెండూ నైట్రేట్ తయారుచేసే బట్టీలు, దశలవారీగా తీసేయాలి. ప్రోటీన్ స్కిమ్మర్ చేసే పని చిత్తూరు వైపు బెల్లం వండేవాళ్లకు చెప్పనక్కర్లేదు. చెరుకు రసం కాగుతుంటే పైకి తేలే మడ్డిని తీసేస్తారే, అలాగే సన్నటి గాలి బుడగలకు అంటుకున్న మురికిని నురగగా పైకి తెచ్చి కప్పులో పడేస్తుంది, కుళ్లకముందే. అయితే నైట్రేట్‌ను సున్నా చేసేయాలని వెంటపడకండి. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ పూర్తిగా లేని నీటిలో పగడాలు ఆకలితో పాలిపోతాయి, వాటి జాగాలో జిగట పాచి వస్తుంది.

కాల్షియం, క్షారత గురించి ఎక్కువ చెప్పను. మెత్తటి పగడాలకు వారం వారం 10 శాతం నీటి మార్పిడే సరిపోతుంది, కాల్షియం లీటరుకు 400 మిల్లీగ్రాముల పైచిలుకు, క్షారత డికెహెచ్ అనే కొలతలో 8, 9 దగ్గర నిలకడగా ఉంటే చాలు. విదేశీయులు గొప్పగా చెప్పుకునే కాల్క్‌వాసర్ మన సున్నపు తేటే, జర్మన్ మాటకు అర్థం కూడా సున్నపు నీరనే. తాంబూలం సున్నం మాత్రం కలపొద్దు, అందులో ఇంకేముందో తెలియదు, తేట ఘాటుకు పీహెచ్ 12 దాటుతుంది.

లైటు: నీలం ఎక్కువగా ఉండే అక్వేరియం ఎల్‌ఈడీ, రోజుకు 8, 9 గంటలు, మొదట సగం వెలుతురుతో. చేపలు: క్లౌన్‌ఫిష్, డామ్సెల్ ఉండొచ్చు, సీతాకోక చేప, ట్రిగ్గర్ ఉంటే పగడం వాటికి ఫలహారం. చెన్నై కొళత్తూరు మార్కెట్‌కు వెళ్తే సముద్రంలో పట్టినవి కాకుండా హేచరీలో పుట్టిన క్లౌన్‌ఫిష్ అడగండి, వాటిని పొదిగించే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మన దేశంలోనే రూపొందించింది.

ఒక హెచ్చరికను మాత్రం ఎవరూ దాటేయకూడదు. జొయాంథిడ్‌లలో కొన్నిటికి పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. చేతికి గ్లోవ్స్, కళ్లకు అద్దాలు లేకుండా వాటిని కోయొద్దు, గీకొద్దు. అవి అంటుకున్న రాయిని శుభ్రం చేద్దామని వేడినీళ్లలో ఎప్పుడూ మరిగించొద్దు. ఆ ఆవిరి పీల్చి కుటుంబాలకు కుటుంబాలు ఆస్పత్రి పాలైన సందర్భాలు విదేశాల్లో ఉన్నాయి. పిల్లలున్న ఇంట్లో అయితే నేను పుట్టగొడుగు పగడాలతోనే సరిపెట్టుకోమంటాను.

మావాడు పాత గవ్వల నుగ్గు, రాళ్లు పారేశాడు. చేపల్ని స్పాంజి ఫిల్టర్ పెట్టిన నీలం ప్లాస్టిక్ టబ్బులోకి మార్చాడు. తొట్టెలో సిరామిక్ రాళ్లు పేర్చి, శుద్ధనీటితో ఉప్పు కలిపి నింపి ఆరు వారాలైంది. అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు వచ్చాయి. రాళ్ల మీద గోధుమ రంగు పాచి పట్టింది, కొత్త తొట్టెలకు అది మామూలే. లోపల తిరిగేవి రెండు సన్యాసి పీతలు, అవి ఇంకా బతికే ఉన్నాయి. లైటు మాత్రం ఆగలేక కొనేశాడు, అట్టపెట్టె కూడా విప్పలేదు. నిన్న వాళ్లమ్మ గోడ మీంచి పలకరించింది. "ఏం నేర్పించినావు నాయనా వానికి? చేపల్ని తీస్కపోయి టబ్బులో ఏసి, తొట్టెలో రాళ్లను పెంచుతా ఉండాడు."